దళంలో చేరే ముందు ఇంట్లో ఒక మాట

పిల్లలు ఆడే యుద్ధం ఆటల గురించి తల్లిదండ్రుల సమావేశాల్లో మాట వస్తే అది తరచూ ఒకే చోట ఆగిపోతుంది: ఎంతసేపు ఆడుతున్నారు? ఆ ప్రశ్న అవసరమే. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని మేము అనుకుంటున్నాం: ఎవరితో ఆడుతున్నారు? పై తరగతుల పిల్లలు ఇప్పుడు ఆటలు ఆడటంతో ఆగడం లేదు, ఆటల చుట్టూ కట్టుకున్న దళాల్లో చేరుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు తెలియకుండానే ఒక కొత్త సంఘానికి సభ్యులవుతున్నారు.

ఆడటం వేరు, చేరడం వేరు. ఫోన్‌లో ఆడే బీజీఎంఐలో వంద మంది ఒక దీవిలో దిగుతారు. నలుగురు ఒక జట్టు. అరగంటలో ఆట ముగుస్తుంది, ముక్కూమొహం తెలియని ఆ జట్టు విడిపోతుంది. కంప్యూటర్ మీద ఆడే ఆర్మా 3, స్క్వాడ్ లాంటి ఆటల పద్ధతి వేరు. చెక్ దేశపు సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ ఆర్మా 3ని 2013లో విడుదల చేసింది. స్క్వాడ్‌లో ఒక్కో పక్షాన 50 మంది దాకా ఉంటారు, తొమ్మిదేసి మంది ఒక్కో నాయకుడి కింద నడుస్తారు. తుపాకీ పేల్చడం కంటే నడవడం, దాక్కోవడం, వినడం, కబురు అందించడం ఎక్కువ. ఈ ఆటలను నిజమైన సైన్యం పద్ధతిలో ఆడాలనుకునేవాళ్లు దళాలుగా ఏర్పడతారు. దీన్ని మిల్‌సిమ్ అంటారు. దళానికి పేరు, గుర్తు, హోదాలు, హాజరు అన్నీ ఉంటాయి. ఫోన్ ఆటల్లో క్లాన్ అనేది దీనికే చిన్న రూపం.

కొత్తవాళ్లు ఇందులో ఎలా చేరతారో పెద్దవాళ్లకు తెలియాలి. మొదట డిస్కార్డ్ అనే యాప్‌లో దళం సర్వర్‌లోకి వెళ్తారు. అక్కడ నియమాలు చదివి ఒప్పుకోవాలి. వయసు, ఊరు, ఏ రోజుల్లో తీరిక ఉంటుందో రాసి దరఖాస్తు ఇవ్వాలి. తర్వాత ఒక పాత సభ్యుడు వాయిస్‌లో మాట్లాడి చూస్తాడు. ఒప్పుకుంటే రిక్రూట్ అనే హోదా వస్తుంది. ఆట పైన వేసుకునే అదనపు ఫైళ్లు, అంటే మోడ్‌లు, దళం చెప్పిన జాబితా ప్రకారం దించుకోవాలి. వీటికి పదుల జీబీల డేటా పట్టవచ్చు. ఆ తర్వాత ప్రాథమిక శిక్షణ: మ్యాప్ చదవడం, దిక్సూచి చూడటం, రేడియోలో క్లుప్తంగా మాట్లాడటం, గాయపడ్డ తోటివాడికి కట్టు కట్టడం. కొన్నాళ్లు హాజరు సరిగ్గా ఉంటే పూర్తి సభ్యత్వం ఇస్తారు.

ఇదంతా చూస్తే మంచి బడి చేసే పనే కదా అనిపిస్తుంది. మంచి దళం విషయంలో అది నిజమే. కొత్తగా వచ్చినవాడు ముందు వినాలి, తర్వాత మాట్లాడాలి. నాయకుడు చెబుతున్నప్పుడు మధ్యలో దూరకూడదు. శత్రువు కనిపిస్తే కేక వేయకుండా దిక్కు, దూరం, ఏం కనిపించిందో వరసగా మూడు ముక్కల్లో చెప్పాలి. తప్పు చేసినవాణ్ణి అందరి ముందు తిట్టకుండా ఆట అయ్యాక కూర్చోబెట్టి వివరించే దళాలు ఉన్నాయి. తరగతిలో నోరు విప్పని పిల్లవాడు ఇక్కడ మాట్లాడటం నేర్చుకోవచ్చు. ఈ మంచిని చూడకుండా మొత్తాన్ని కొట్టిపారేస్తే పిల్లలు మన మాట వినడం మానేస్తారు.

మన బడుల పిల్లలకు ఈ దళాల వైపు లాగే కారణం ఇంకొకటి కూడా ఉంది. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో తెలుగు మాధ్యమం పిల్లవాడికి వీధిలో ఒక భాష, బడిలో ఒకటి, ఆటలో మరొకటి. తెలుగువాళ్ల దళంలో చేరితే విశాఖపట్నం, కరీంనగర్, కర్నూలు కుర్రాళ్లతో రోజూ తెలుగులో మాట్లాడే అవకాశం దొరుకుతుంది. పాఠ్యపుస్తకం బయట, ఇంటి బయట తెలుగు వినిపించే చోటు అది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ అక్కడే ఒక దెబ్బ కూడా తగలవచ్చు. "నీ తెలుగేంటి ఇలా ఉంది?" అన్న వెక్కిరింత పరాయివాళ్ల నుంచి రాదు, తెలుగువాళ్ల నుంచే వస్తుంది. తరతరాలుగా మన ఇళ్లలో నిలబెట్టుకున్న యాస మీద నవ్వితే పిల్లవాడు రెండు పనుల్లో ఒకటి చేస్తాడు: తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోకి మారతాడు, లేదా తనది కాని యాసను అరువు తెచ్చుకుంటాడు. కొత్త సభ్యుడి మాటను ఎలా వింటారన్నదే ఆ దళం మంచిదో కాదో చెప్పే మొదటి పరీక్ష.

ఇక జాగ్రత్తల సంగతి. మొదటిది వేళ. దళాలకు వారానికి ఒకటి రెండు రోజులు నిర్ణీత సమయం ఉంటుంది. లండన్‌లో రాత్రి 8 గంటలంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి దాటి 1.30. న్యూయార్క్‌లో రాత్రి 8 అంటే చలికాలంలో మనకు మర్నాడు పొద్దున్నే 6.30. సింగపూర్‌లో రాత్రి 8 అంటే మనకు సాయంత్రం 5.30. కాబట్టి దళం ఏ దేశపు గడియారం ప్రకారం నడుస్తుందో అడిగితే పిల్లవాడి నిద్ర సంగతి సగం తేలిపోతుంది. హాజరు తగ్గితే హోదా పోతుందన్న భయం పరీక్షల నెలలో ఎంత పని చేస్తుందో ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు.

రెండోది వయసు. పెద్దల కోసం నడిచే దళాలు సాధారణంగా 16 లేదా 18 ఏళ్లు నిండాలని నియమం పెట్టుకుంటాయి. డిస్కార్డ్‌లోనే 13 ఏళ్లలోపు వారికి ప్రవేశం లేదు. ఆటల మీద కూడా వయసు సూచన ముద్రించి ఉంటుంది. ఆ వయసు రాని పిల్లవాడికి వద్దని చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు. పిల్లవాడు తప్పు వయసు రాసి చేరితే అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. లోపల ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, బెదిరించినా అతను ఫిర్యాదు చేయలేడు. చేస్తే తన అబద్ధం బయటపడి ఖాతా పోతుంది. ఇంట్లో చెబితే ఫోన్ పోతుంది. రెండు వైపులా తలుపులు మూసుకుపోయిన పిల్లవాడే మోసగాళ్లకు సులువుగా చిక్కుతాడు.

మూడోది చెవిలో వినిపించే గొంతు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్లవాడి మాటలే ఇంట్లో వినిపిస్తాయి, అవతలివాళ్లవి వినిపించవు. తెలుగు దళాల్లో చిన్నవాళ్లు పెద్దవాళ్లను అన్నా అని పిలుస్తారు. అది మన మర్యాద. అయితే అన్నా అని పిలిచినంత మాత్రాన ఎవరూ అన్న అయిపోరు. అందరూ వినే ఛానల్‌లో మాట్లాడేవాడు ఒక రకం, పిల్లవాణ్ణి విడిగా పిలిచి "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ" అనేవాడు ఇంకో రకం. ఫొటో అడిగినా, ఇంటి చిరునామా అడిగినా, ఆటలో వస్తువులు కొనిపెడతానన్నా, ఓటీపీ చెప్పమన్నా అక్కడితో ఆ సంబంధం తెంచుకోవాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, సైబర్ మోసంలో డబ్బు పోతే 1930 నంబర్లు బడి నోటీసు బోర్డు మీద ఉండటం మంచిది.

నాలుగోది సైనిక రహస్యాల సంగతి. ఇది మనకు దూరమైన విషయమని కొట్టేయలేం. బెంగళూరులో, ఆవడిలో, పుణె దగ్గర ఖడ్కీలో రక్షణ కర్మాగారాల్లో, సంస్థల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. యుద్ధ ట్యాంకుల ఆట వార్ థండర్ ఆడేవాళ్లలో కొందరు, ఆటలో ట్యాంకు అసలుదానిలా లేదని వాదన గెలవడానికి నిజమైన సైనిక పత్రాలను బయటపెట్టిన ఘటనలు 2021 నుంచి పలుమార్లు జరిగాయి. అమెరికాలో ఎయిర్ నేషనల్ గార్డ్‌లో పనిచేసే 21 ఏళ్ల యువకుడు డిస్కార్డ్‌లో తన చిన్న బృందం ముందు గొప్పకు పోయి రహస్య పత్రాలు పంచుకున్నాడు. 2023లో అరెస్టయ్యాడు. 2024 నవంబరులో 15 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఆ బృందంలో టీనేజీ పిల్లలు కూడా ఉన్నారు. అమ్మానాన్నల ఉద్యోగం, క్వార్టర్స్, గేటు దగ్గరి ఏర్పాట్లు ఆటలో మాట్లాడే విషయాలు కావని పిల్లలకు ఒక్కసారి నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటారు.

దీనికి తోడు ఇంకొకటి. ఆర్మా 3 దృశ్యాలను నిజమైన యుద్ధం వీడియోలుగా ప్రచారం చేయడం ఎంత పెరిగిందంటే, 2022లో ఆ సంస్థే ముందుకొచ్చి ఇవి మా ఆటలోవని వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఈ ఆట ఆడే పిల్లలు అలాంటి వీడియోను మనకంటే ముందే గుర్తుపడతారు. ఇంటి వాట్సాప్ గ్రూపులో యుద్ధం వీడియో వస్తే ముందు వాళ్లను అడగడంలో తప్పేమీ లేదు.

ఇన్ని చిక్కులున్నప్పుడు మొత్తంగా వద్దనడమే మేలు కదా అని అనేవాళ్ల ఆందోళన మాకు అర్థమవుతుంది. మనుషులను చంపడం ఆటేమిటి అనే ప్రశ్నకూ బరువుంది. ఆ ప్రశ్నను పిల్లలతోనే చర్చించాలి. నిషేధం సంగతి మాత్రం మన కళ్ల ముందే ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్లీ పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈ మధ్య కాలంలో పిల్లలు ఆడటం మానలేదు, వేరే ఆటకు మారారు. 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలే అన్న పరిమితి ఆ ఆటలో ఉంది. నాన్న ఫోన్‌తో ఖాతా తెరిచిన పిల్లవాడికి ఆ పరిమితి వర్తించదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది. చట్టం చేయగలిగింది అంతవరకే. పిల్లవాడు ఎవరి దళంలో చేరుతున్నాడన్నది ఇంట్లోనే తెలుసుకోవాలి.

అందుకే చేరే ముందు, ఇప్పటికే చేరి ఉంటే ఈ వారంలోనే, పిల్లవాడి పక్కన కూర్చుని ఐదు ప్రశ్నలు అడగండి. దళానికి కనీస వయసు ఎంత, నీ వయసు నిజమే రాశావా? నియమాలు ఎక్కడ రాసి ఉన్నాయి, నాకు చదివి వినిపిస్తావా? ఎవరైనా తప్పుగా మాట్లాడితే ఎవరికి చెప్పాలి? ఏ రోజు, మన గడియారం ప్రకారం ఎన్ని గంటలకు ఆడతారు? డబ్బు అడుగుతారా? మంచి దళమైతే ఈ ఐదింటికీ జవాబు దాని నియమాల పేజీలోనే దొరుకుతుంది. జవాబు దొరకని దళంలో మీ పిల్లవాడికి చోటు అక్కర్లేదు. మొదటి నెల రోజులు హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్‌లో ఆడమనండి. మొదట సిగ్గుపడతారు, తర్వాత మనకు ఆట వివరించడం మొదలుపెడతారు.

ఉపాధ్యాయులు చేయగలిగిన పని కూడా ఉంది. ఈ ఆటల్లో దిక్కును డిగ్రీల్లో చెబుతారు. 45 అంటే ఈశాన్యం, 135 ఆగ్నేయం, 225 నైరుతి, 315 వాయవ్యం. ఈ నాలుగు పేర్లను బడి ఆవరణలో ఒక దిక్సూచితో, ఒక గీసిన పటంతో అరగంటలో నేర్పవచ్చు. "నైరుతి, రెండు వందల అడుగులు, వేపచెట్టు కింద" అని ఒక పిల్లవాడు చెబితే ఇంకొకడు వెతికి పట్టుకోవాలి. తుపాకీ లేకుండానే ఆటలోని మంచి మొత్తం అందులో ఉంది. ఎన్‌సీసీ ఉన్న బడులైతే ఆ ఉత్సాహానికి నిజమైన దారే చూపవచ్చు.

కొత్త చోట అడుగుపెట్టినప్పుడు ఎలా మెలగాలో మన సమాజానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇరుగుపొరుగు భాష నేర్చుకున్నాం, మన భాష విడిచిపెట్టలేదు, ఎవరితో కలవాలో ఎవరికి దూరంగా ఉండాలో పెద్దవాళ్లు పిల్లలకు చెబుతూ వచ్చారు. పిల్లలు ఇప్పుడు అడుగుపెడుతున్న చోటు తెర మీద ఉంది కాబట్టి అక్కడ మన పని లేదనుకోవడం పొరపాటు. వచ్చే తల్లిదండ్రుల సమావేశం అజెండాలో ఈ ఐదు ప్రశ్నలు చేర్చాలని ప్రతి బడినీ కోరుతున్నాం.