కొసరు వేసే చేయి ఎవరిది?

ఒక వస్తువును దాని ఖర్చు కంటె తక్కువకు అమ్మడం నేరమా? మన శాసనం ఈ ప్రశ్నకు చెప్పే సమాధానం విచిత్రంగా ఉంటుంది. 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం, బజారులో ఆధిపత్యం ఉన్న సంస్థ పోటీదారులను తొలగించే ఉద్దేశంతో నష్టానికి అమ్మినప్పుడే అది తప్పు. ఆధిపత్యం ఇంకా చేజిక్కని సంస్థ ఎంత నష్టానికి అమ్మినా ఆ సెక్షను కింద అడిగేవారు లేరు. చేజిక్కిన తరువాత నష్టానికి అమ్మవలసిన అగత్యమే ఉండదు. దొంగ ఊరు దాటిన తరువాతనే కుక్క మొరగవలెనని శాసించినట్లున్నది ఈ ఏర్పాటు.

2024 ఆగస్టు 21న వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ ఢిల్లీలో ఒక సభలో మాట్లాడుతూ, ఆన్‌లైన్ వ్యాపార సంస్థల నష్టాలు ఉద్దేశపూర్వకమైన తక్కువ ధరల ఫలితం కాదా అని నిలదీశారు. చిల్లర వర్తకుల కడుపు కొడుతున్నారన్న ధోరణిలో సాగింది ఆ ప్రసంగం. మంత్రిగారి ఆవేదనను శంకించనక్కరలేదు. అయితే ఆవేదన ప్రతిపక్ష సభ్యుని ఆయుధం. మంత్రి చేతిలో ఉండవలసినది బిల్లు. విజయసాయిరెడ్డి అధ్యక్షతన ఉన్న వాణిజ్య స్థాయీ సంఘం 2022 జూన్‌లోను, జయంత్ సిన్హా అధ్యక్షతన ఉన్న ఆర్థిక స్థాయీ సంఘం అదే సంవత్సరం డిసెంబరులోను నివేదికలు సమర్పించాయి. హాని జరిగిన తరువాత విచారణ చేయడం కాదు, ముందుగానే నిబంధన విధించాలన్నది వాటి సారాంశం. 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా వెలువడింది. పరిశ్రమాధిపతులు అభ్యంతరాలు లేవదీశారు. అటుపై వేగం మందగించింది.

ఇటీవల పుదుచ్చేరి వెళ్లినప్పుడు, కడలూరు రోడ్డు మీదుగా అరియాంకుప్పం చూడబోయాను. యానాం శాసన సభ్యుడు, అరియాంకుప్పం శాసన సభ్యుడు కూర్చునేది ఒకే సభలో. అయినా మన పాఠకులలో ఈ ఊరి పేరు విన్నవారు కొద్దిమందే. దీని పక్కనే ఉన్నది అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు ఇటలీ మట్టిపాత్రల ముక్కలు, మద్యం జాడీల శకలాలు బయటపడ్డాయి. తూర్పుదేశపు సరకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టెర్సులు భారతదేశానికి తరలిపోతున్నాయని రోమన్ పండితుడు ప్లినీ వాపోయినది ఆ కాలపు వర్తకం గురించే. కనుక దూరదేశపు వ్యాపారి ఈ ఊరికి కొత్త కాదు. ఆనాటి వ్యాపారి బంగారం చెల్లించి సరకు కొన్నాడు. ఈనాటివాడు తన బంగారం ఖర్చుపెట్టి మన కొనుగోలుదారునే కొంటున్నాడు.

పుదుచ్చేరి వర్తకులు రాయితీకి పుట్టువిరోధులని భావించడమూ సరికాదు. ఆ ప్రాంతపు వ్యాపారం చాలాకాలం తక్కువ పన్ను అనే రాయితీ మీదనే వర్ధిల్లింది. ఇరుగుపొరుగు తమిళ జిల్లాలవారు అక్కడికి, కాకినాడవారు యానానికి వెళ్లి సరకు కొనేవారు. అప్పుడు పొరుగు జిల్లా కొట్టువాడు ఏమైపోయాడని ఎవరూ విచారించలేదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి చాలా సరకులకు ఆ సదుపాయాన్ని తుడిచిపెట్టింది. ఇప్పుడు రాయితీ ఇచ్చేవాడు మారాడు. ఇరుకున పడినవాడూ మారాడు.

మన కూరగాయల అంగడిలో కొసరు అనే ఆచారమున్నది. తూకం అయిన తరువాత అమ్మే ఆమె నాలుగు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో సంచిలో వేస్తుంది. అదీ రాయితీయే. దాని ఖర్చు ఆమెదే, దాని వలన కలిగే మమకారమూ ఆమెకే దక్కుతుంది. ఆన్‌లైన్ కూపనులో ఈ లెక్క తలకిందులవుతుంది. 2008లో అమెరికాలో పుట్టిన గ్రూపాన్ పద్ధతి చూడండి: వంద రూపాయల భోజనం ఏభైకి అమ్మి, ఆ ఏభైలో సగం తాను ఉంచుకుంటుంది. హోటలుకు మిగిలేది పాతిక. వచ్చిన అతిథి గుర్తుంచుకునేది మాత్రం కూపను ఇచ్చిన కంపెనీ పేరు. 2010లో రైస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఉత్పల్ ధోలకియా 150 వ్యాపారాలను పరిశీలించగా 66 శాతానికి ఆ ప్రచారం లాభించింది, 32 శాతానికి నష్టం తెచ్చింది. కాబట్టి కూపను ప్రతి కొట్టునూ ముంచుతుందనడం అతిశయోక్తి. కొత్తగా తెరిచిన హోటలుకు, ఖాళీ బల్లలున్న వేళలకు అది ఉపకరించవచ్చు. ప్రమాదం అది ఔషధంగా కాక ఆహారంగా మారినప్పుడు. 2019 ఆగస్టులో జొమాటో గోల్డ్ వంటి పథకాల మీద గురుగ్రాంలో వందలాది రెస్టారెంట్లు తిరగబడినది అందుకే. ఉచితంగా ఇచ్చే వంటకం ఖర్చు హోటలుది, సభ్యత్వ రుసుము కంపెనీది.

ఇది మనకు తెలియని జబ్బు కాదు. చేనేత సహకార సంఘాల రిబేటు కథ గుర్తున్నవారికి వివరించనక్కరలేదు. పండుగ రోజులలో రిబేటు ప్రకటించేది ప్రభుత్వం. కొనేవారు సంక్రాంతికో దసరాకో రిబేటు వచ్చేదాకా ఆగడం నేర్చుకున్నారు. రిబేటు బకాయిల కోసం సంఘం అధ్యక్షులు కార్యాలయాల చుట్టూ తిరిగారు. ఒకరు ప్రకటించి మరొకరు భరించే రాయితీలో చివరకు నలిగేది నేసినవాడు.

తక్కువకు దొరికితే కొనే కూలివాడిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఢిల్లీలో మా ఇంటికీ ఆ సంచులు వస్తూనే ఉంటాయి. అరియాంకుప్పం చిల్లర కొట్టు యజమాని ఒకరు నాతో అన్నది కూడా రాయితీలు నిషేధించమని కాదు. నెలాఖరున అప్పు కోసం తన దగ్గరకు వచ్చేవారే నెల మొదట నగదుతో ఫోనులో కొంటున్నారని ఆయన బాధ. అప్పు ఇవ్వడం కూడా ఒక రాయితీయేనని, దానిని ఏ కంపెనీ ప్రకటనలోను చూడలేదని ఆయన నవ్వుతూ అన్నారు.

నిషేధం నాకూ సమ్మతం కాదు. రెండు పనులు చాలును. రాయితీలో కంపెనీ భరించినదెంత, దుకాణదారు భరించినదెంత అన్నది ప్రతి బిల్లు మీదా ముద్రించాలి. కొనుగోలుదారు సమ్మతిస్తే అతని వివరాలు దుకాణదారుకూ అందాలి. ఆ వివరాలు తమకు దక్కనివ్వడం లేదన్నది పోటీ కమిషను ఎదుట రెస్టారెంట్ల సంఘం చేసిన ఆరోపణలలో ఒకటి. ఆ ఫిర్యాదుపై కమిషను 2022 ఏప్రిల్‌లో జొమాటో, స్విగ్గీలపై విచారణకు ఆదేశించింది. పుదుచ్చేరికి లోక్‌సభలో ఒక స్థానం, రాజ్యసభలో ఒక స్థానం ఉన్నాయి. మన రాష్ట్రాల సభ్యుల సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. ముసాయిదా ఎక్కడ ఆగినదీ ప్రశ్నోత్తరాల సమయంలో అడగడానికి ఒక్కరు చాలును.