ఓళిగ తెలుగు కాదా?

బెంగుళూరు పాతపేటలలో నగర్తపేట ఒకటి. నగర్త వర్తకుల పేరుమీద వెలసిన ఆ పేట సందుల్లో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడుస్తాయి. ఉగాదినాడు ఇంట్లో ఓళిగలు, రెండు వారాలకు చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడినుండి బయలుదేరే కరగం. నా బాల్యంలో ఏడాది ఈ రెండింటితోనే మొదలయ్యేది.

మా అవ్వ కందిబేడలు ఉడికించి, కట్టు వేరుగా వంచి, బేడలను బెల్లంతో రుబ్బి పూర్ణం చేసేది. వంచిన కట్టు చారుగా మారేది. దీపావళికి అత్తిరసాలు. రాత్రంతా నానిన బియ్యాన్ని తడి పూర్తిగా ఆరకముందే దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలపాలి. పాకం చూడడం పిల్లల వంతు. గిన్నెడు నీళ్ళలో ఒక చుక్క వేస్తే, అది వేళ్ళమధ్య మెత్తని ఉండగా చేరినప్పుడు "వచ్చింది" అని కేక వేయాలి. ఆలస్యమైతే అత్తిరసం రాయి అవుతుంది. తొందరపడితే నూనెలో విచ్చిపోతుంది. నేను చదివింది కన్నడ బడిలో. లేతపాకం, ముదురుపాకం, కట్టు, కణకం, పూర్ణం అనే మాటలు నాకు నేర్పిన బడి ఆ పొయ్యే.

కొన్నేళ్ళ కిందట ఒక తెలుగు సభలో, భోజనాల వేళ, "ఓళిగ బాగుంది" అన్నాను. పక్కనున్న పెద్దమనిషి చిరునవ్వుతో, "అది కన్నడం కదండీ, మనం బొబ్బట్టు అంటాం" అన్నారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. కాని ఆ "మనం"లో నేను లేను.

ఆ మాట సంగతి కొంచెం చూద్దాం. పాత కన్నడంలో పకారంతో మొదలైన అనేక పదాలు కాలక్రమాన హకారంలోకి మారాయి. మన పాలు వారికి హాలు. మన పులి వారికి హులి. పోళిగె హోళిగె అయినదీ ఈ దారినే. తెలంగాణలో పోలె, తమిళనాట పోళి, మరాఠీలో పోళీ. మన ఓళిగ ఆ కుటుంబపు బిడ్డే. కన్నడపు గడప దాటి మన ఇంటికి వచ్చి ఉండవచ్చు. వచ్చి తరాలు గడిచాయి. సీమలో అనేకులు భక్ష్యం అంటారు, అది సంస్కృతం. ఆ పెద్దమనిషి చెప్పిన బొబ్బట్టుకు కన్నడ ఒబ్బట్టు తోబుట్టువు. వాటిని తెలుగుగా అంగీకరించినవారికి ఓళిగ ఒక్కటే పరాయి ఎందుకైంది? అరిసె ఎంత తెలుగో అత్తిరసమూ అంతే తెలుగు.

సరిహద్దు తెలుగువారికి ఇది రెండంచుల కత్తి. వీధిలో తెలుగు మాట్లాడడానికి జంకుతాము. తెలుగు సభలో మన తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడతాము. రెండు చోట్లా నోరు మూసుకున్నవాడు తన పిల్లలకు ఏ మాట అందించగలడు? అందుకే నేడు మన ఇళ్ళలో ఓళిగా లేదు, బొబ్బట్టూ లేదు. అట్టపెట్టెలో వచ్చిన "స్వీటు" ఉన్నది. కన్నడం మన పేర్లను లాక్కోలేదు. మనమే విడిచిపెట్టాము. వాటితోబాటు వంచడం, జల్లించడం, తట్టడం, ఒత్తడం అనే క్రియలు కూడా వెళ్ళిపోతున్నాయి.

అవ్వలవలె దినమంతా పొయ్యి దగ్గర కూర్చోమని ఆడవారికి చెప్పడం నా ఉద్దేశం కాదు. పాకం చూడడానికి మగపిల్లవాడి వేళ్ళు కూడా పనికివస్తాయి. ఏడాదికి రెండు పండుగలు, ఇంటిల్లిపాదీ కలిసి, పనిని తెలుగులో చెప్పుకుంటూ చేస్తే చాలు.

1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రయత్నించాలని రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. ఆ హక్కుకోసం పోరాడవలసిందే. అయితే దానికి మరొక కోరికను చేర్చాలి: మన పిల్లలు చదివే తెలుగు వాచకంలో మన మాటలూ ఉండాలి. అరిసె పక్కన అత్తిరసం, బొబ్బట్టు పక్కన ఓళిగ అచ్చు కావాలి. ఇంట్లో అవ్వ పలికిన మాట బడిలో తప్పుగా ఎంచబడితే, ఆ బిడ్డ తప్పని నేర్చుకునేది మాటను కాదు, అవ్వను.

హోసూరు, కోలారు, బళ్ళారి, హిందూపురం, మదనపల్లె ప్రాంతాల పాఠకులకు నా మనవి ఒక్కటే. వచ్చే పండుగకు మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని, ఒక్కొక్క తీపివంట పేరును, దాని పనిమాటలను వారి నోట వచ్చినట్లే రాసిపెట్టండి. దిద్దకండి. మనం దిద్దవలసినది మన సిగ్గును.