నెలకు 992 యూరోలు... జర్మనీలో బతకొచ్చా?

ఈ వారం లెక్క జర్మనీది.

పరాయి దేశంలో పొదుపుగా బతకడం కామారెడ్డి, నిజామాబాద్ పల్లెలకు కొత్తేం కాదు. గల్ఫ్‌కు పోయిన బాబాయ్ ఒకే రూమ్‌లో పదిమందితో సర్దుకుని, వంతులేసుకుని వండుకుని, మిగిలింది ఇంటికి పంపిన కథ ప్రతి వాడకట్టులోనూ ఉంటుంది. కానీ స్టూడెంట్ లెక్క దానికి తలకిందులు. బాబాయ్ పోయింది సంపాదించడానికి. మీరు పోయేది ఖర్చు పెట్టి చదువుకోవడానికి. "ఫస్ట్ ఇయర్ ఎట్లనో గట్టెక్కితే చాలు, తర్వాత పార్ట్‌టైమ్ ఉంది కదా నాన్నా" అని చెప్పి పొలం మీద అప్పు తెచ్చే ముందు ఈ లెక్క ఒకసారి చూడండి.

12 లక్షలు కాదు, 24

2022లో కొత్త మండలమైన డోంగ్లి నుంచి ఒక అబ్బాయి మాస్టర్స్‌కు వెళ్తున్నాడనుకుందాం. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. అన్నిచోట్లా అలాగే ఉంటుందనుకోవద్దు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మన దేశం వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు మొదలుపెట్టింది.

ఫీజు లేకున్నా వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు వేసి చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. యూరో వంద రూపాయలనుకున్నా దాదాపు 12 లక్షలు. అది మీ డబ్బే. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మీ చేతికొస్తుంది.

చాలామంది మర్చిపోయేది తర్వాతి మాట. మాస్టర్స్ రెండేళ్లు. పర్మిట్ రెన్యువల్‌కు పోయినప్పుడు ముందున్న కాలానికి డబ్బుందని మళ్లీ చూపించాలి. ఇంట్లో మాట్లాడేటప్పుడు 12 అని కాదు, 24 అని మాట్లాడండి.

ఊరే బడ్జెట్

992లో బతకొచ్చా? అది మీరు తాగే కాఫీల మీద కాదు, మీరు ఎంచుకునే ఊరి మీద ఆధారపడి ఉంటుంది.

స్టూడెంట్ హాస్టళ్లను నడిపే సంస్థను అక్కడ స్టుడీరెండెన్‌వెర్క్ అంటారు. వాళ్ల గది చాలా ఊళ్లలో 300 యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, 140 పైనే. సొంతంగా వండుకుంటే తిండికి 200 అనుకుందాం. ఫోన్, చిల్లర ఖర్చులు 50. ఇంకా రెండు మూడు వందలు చేతిలో ఉంటాయి.

అదే మ్యూనిక్‌లో షేరింగ్ ఫ్లాట్‌లో ఒక్క గదికే 800కు అటూ ఇటూ అడుగుతారు. ఇన్సూరెన్స్ కట్టాక తిండికి మిగిలేది యాభై! కెమ్నిట్స్, మాగ్డెబుర్గ్ లాంటి ఊళ్ల పేర్లు మన వాట్సాప్ గ్రూపుల్లో మోగకపోవచ్చు గానీ అద్దె మాత్రం తక్కువ. అడ్మిషన్ రాగానే, వీసా కోసం ఆగకుండా హాస్టల్‌కు అప్లై చేయండి. క్యూ పెద్దది.

ఇంకో రెండు చిన్న విషయాలు. టీవీ లేకపోయినా రేడియో పన్ను ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలి. నలుగురు కలిసి ఉంటే పంచుకోండి. చాలాచోట్ల సెమిస్టర్ ఫీజులోనే బస్సు, ట్రైన్ పాస్ కలిపి ఉంటుంది. వేరే పాస్ కొనేముందు అది చూసుకోండి.

పార్ట్‌టైమ్‌ను ఎంతవరకు నమ్మాలి?

మనవాళ్లకు ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ పని చేసే వీలుంది. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. కోతలు పెద్దగా ఉండని మినీజాబ్‌లో నెలకు 603 దాకా సంపాదించొచ్చు. అది దొరికితే గది, తిండి గడిచిపోతాయి. బ్యాంకు ఈఎంఐ గడవదు. అసలు దొరకడానికే నెలలు పట్టొచ్చు. కాబట్టి పార్ట్‌టైమ్‌ను ఆసరాగా చూడండి, ఆధారంగా కాదు.

రూల్ దాటి క్యాష్ పనుల జోలికి మాత్రం పోవద్దు. ఏ దేశంలోనైనా అడ్డదారి ఖరీదు ఎక్కువే. అమెరికాలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? క్లాసులు లేకుండా పని చేసుకోవచ్చని చేరారు. అది అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అని 2019 జనవరిలో బయటపడింది. అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులే. అందులో తెలుగు పిల్లలు చాలామంది.

అప్పుకు ముందు ఈపాస్

ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపైతే తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ పథకాలు చూడండి. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్నాయి, మైనారిటీలకు వేరే పథకం ఉంది. 20 లక్షల దాకా సాయం వస్తుంది. అయితే మంజూరయ్యే దాకా దాన్ని లెక్కలో రాసుకోవద్దు.

చివరిగా, అన్నిటికన్నా చవకైన పెట్టుబడి భాష. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఇంటి ఓనరు, సూపర్ మార్కెట్ మేనేజరు మాట్లాడేది జర్మనే. బీ1 లెవెల్ వస్తే వేర్‌హౌస్ బరువులు మోసే పని కాక వేరే పని అడగొచ్చు. డోంగ్లి, మద్నూర్ వైపు పిల్లలు తెలుగుతో పాటు మరాఠీ వింటూ పెరిగినవాళ్లు. వాళ్లకు ఇంకో భాష బరువేం కాదు. వీసా కోసం ఎదురుచూసే నెలల్లో రోజుకో గంట దానికివ్వండి.