డేటా కొలువు పేరిట వల: అయిజ యువత తక్షణం మేలుకోవాలి

డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తామంటూ ఎవరు ముందుగా డబ్బు అడిగినా ఒక్క రూపాయి ఇవ్వకండి. కంబోడియాలోనో థాయ్‌లాండ్‌లోనో కంప్యూటర్ పని ఉందని చెప్పి టూరిస్టు వీసా చేతిలో పెడితే విమానం ఎక్కకండి. అయిజ, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో డిగ్రీ చదివిన పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ మాట ఇప్పుడే చేరాలి.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన ఉదంతం మనకు గుణపాఠం. సింగపూర్‌లో డేటా ఎంట్రీ కొలువని నమ్మించి, ఏజెంట్లు యువకుల దగ్గర డబ్బు గుంజి కంబోడియాకు తరలించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, తోటి భారతీయులనే ఆన్‌లైన్‌లో మోసం చేసే పనిలో కూర్చోబెట్టారు. ఎదురుతిరిగిన వారిని హింసించారు. 2025 మార్చిలో మయన్మార్-థాయ్‌లాండ్ సరిహద్దులోని ఇలాంటి ముఠాల చెర నుంచి బయటపడిన 549 మంది భారతీయులను కేంద్రం రెండు రోజుల్లో వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఈ వలకు మన ప్రాంతం ఎందుకు అనువుగా దొరుకుతోంది? దేశంలో డేటా ఉద్యోగాలు కొన్ని నగరాల్లోనే పోగుపడ్డాయి. బెంగళూరు, హైదరాబాద్, పుణె, గురుగ్రామ్ దాటితే పలచబడిపోతాయి. తెలంగాణలోనైతే మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ చుట్టూనే తిరుగుతాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ కేంద్రంగా తన క్లౌడ్ సేవలు మొదలుపెట్టింది. అలాంటి సేవలకు ఆధారమైన డేటా సెంటర్ల మీద పెట్టుబడి వేల కోట్లలో ఉంటుంది. కట్టడం పూర్తయ్యాక వాటిని నడపడానికి కావలసిన మనుషులు మాత్రం కొద్దిమందే.

మరి నడిగడ్డలో, అంటే మన గద్వాల ప్రాంతంలో, మిగిలినవేమిటి? మీసేవ కేంద్రాలు, ఆఫీసుల్లో అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్ పోస్టులు, బ్యాంకులు, ఆసుపత్రుల్లో వేళ్ల మీద లెక్కపెట్టగల కొలువులు. 2024 నవంబరులో మొదలైన సమగ్ర ఇంటింటి సర్వే వివరాలు కంప్యూటర్లకు ఎక్కించడానికి ఆపరేటర్లు కావలసి వచ్చారు. ఆ పని కొన్నాళ్లతో ముగిసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం, నేటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు; రాష్ట్రంలో అట్టడుగు స్థానం మనదే. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లవాడికి ఆఫర్ లెటర్ చూసి ఇది నిజమో కాదో చెప్పే మనిషి ఉండడు. ఉద్యోగం ఎంత దూరమైతే దళారి అంత దగ్గరవుతాడు.

విదేశీ వల కాక, ఆ దళారి ఇంకో నాలుగు రూపాల్లో వస్తున్నాడు. ఇంట్లో కూర్చుని టైపు చేయమంటాడు. రిజిస్ట్రేషన్ రుసుం కట్టించుకుంటాడు. పని పూర్తయ్యాక తప్పులున్నాయని, ఒప్పందం ఉల్లంఘించారని లాయర్ నోటీసుతో బెదిరిస్తాడు. టెలిగ్రామ్‌లో రేటింగులిచ్చే టాస్కులంటూ మొదట వంద, రెండు వందలు వేసి, తర్వాత వేలు, లక్షలు కట్టమంటాడు. నగరంలో దొడ్డిదారి ఉద్యోగమని, దొంగ అనుభవ పత్రాలు ఇప్పిస్తానని బేరం పెడతాడు. ఈ నాలుగింటిలో చివరిది మరీ ప్రమాదం: మీ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు వాడుకోనిస్తే కమీషన్ ఇస్తానంటాడు. ఆ ఖాతాలోకి దొంగసొమ్ము వస్తే కేసు మీ మీదే పడుతుంది.

సీడు పత్తి పండించే మన రైతు సంచి మీద కంపెనీ పేరు, లాట్ నంబరు చూడకుండా, బిల్లు తీసుకోకుండా విత్తనం కొనడు. నకిలీ విత్తనం ఏడాది పంటను తింటుంది. నకిలీ కొలువు భూమి తాకట్టు పెట్టి తెచ్చిన అప్పునూ, పిల్లవాడి బతుకునూ కూడా తింటుంది. విత్తనాన్ని చూసినంత జాగ్రత్తగా ఉద్యోగాన్నీ పరీక్షించండి. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. చట్టప్రకారం అతను తీసుకోగల సేవా రుసుం జీఎస్టీ కాక 30,000 రూపాయలే. అంతకు మించి అడిగితే అక్కడే ఆగండి. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వెళ్లే దారి ఉంది. ముందు అక్కడ అడగండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. పరువు పోతుందని దాచుకుంటే పక్కింటి పిల్లవాడు అదే గుంటలో పడతాడు.

హెచ్చరిక యువతకే కాదు, పాలకులకు కూడా. నైపుణ్య విశ్వవిద్యాలయం పెట్టినా అదీ హైదరాబాద్ చెంతనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య సంస్థ ‘టాస్క్’ ఇచ్చే శిక్షణ అయిజ, అలంపూర్, కొల్లాపూర్ దాకా రావాలి. ప్రతి డిగ్రీ కళాశాలలో ఆఫర్ లెటర్లు సరిచూసి చెప్పే సహాయ కేంద్రం ఈ విద్యా సంవత్సరంలోనే తెరవాలి. పోలీసులు ప్రతి మండలంలో ఏజెంట్ల లైసెన్సులు తనిఖీ చేయాలి.

తల్లిదండ్రులారా, పిల్లలు ఎవరికైనా డబ్బు కట్టే ముందు ఒక్క రోజు ఆగమనండి. నిజమైన కంపెనీ జీతం ఇస్తుంది, ఉద్యోగానికి ధర కట్టదు. లైసెన్సున్న ఏజెంటుకు చట్టం అనుమతించిన రుసుం తప్ప, ఉద్యోగానికి డబ్బు అడిగినవాడు మోసగాడే. అతని నంబరు పోలీసులకు ఇవ్వండి.