కళ సరే, కూలి మాటేమిటి?

“నటన కళ, దానికి కూలి లెక్కలేమిటి?” అంటారు కొందరు. ఇంటిచాకిరీకి ప్రేమ అని పేరు పెట్టినవాళ్లూ ఇలాగే అన్నారు. నేనొప్పుకోను.

2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’ చూసి ఏటూరునాగారంలో మేమూ నవ్వుకున్నాం. ఆంజనేయులు భార్య శాంత అందరికీ తెలుసు. ఆ పాత్ర వేసిన రాగిణి పేరు ఎంతమందికి గుర్తుంది? అమృతరావు, సంజీవని పాత్రల్లో నటులు మారారు, సీరియల్ మాత్రం సాగింది. ముఖ్యపాత్రలకే మనుషుల్ని మార్చగలిగిన చోట భార్యగా, వదినగా, అత్తగా వేసే సహాయనటికి భద్రత ఏది? పిలిస్తేనే పని.

సినీ కార్మికులకు రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే చట్టం చేశారు. అది సినిమాలకే. టీవీ సీరియళ్ల వారినీ చేర్చుకున్న కార్మిక కోడ్ 2020లో గానీ రాలేదు. అప్పటికి ‘అమృతం’ ముగిసి 13 ఏళ్లు!

50 ఆకులకో కట్ట చొప్పున తునికాకు కట్టే మా ఆడవాళ్లకు తెలుసు, కల్లంలో లెక్క రాయించుకోకపోతే కూలి దక్కదని. నటికీ అంతే. ఒప్పందం కాగితం మీద ఉండాలి, ఒక ప్రతి ఆమె చేతిలో ఉండాలి. అక్కల్లారా, ఈ డిమాండును మన సంఘాల తీర్మానాల్లో చేర్చుదాం.