గాలపు పోటీకి త్రాసు వద్దు, కొలబద్ద చాలును

సంపాదకులకు,

అయ్యా,

సముద్రతీరమున గాలము వేయువారి క్లబ్బులు సెలవు దినములలో "స్నేహపూర్వక పోటీ"లు జరుపుకొనుట ఇంగ్లండు, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో పాత అలవాటే. చీట్లు వేసి ఎవరు ఎక్కడ నిలువవలెనో తేల్చుకొందురు. ఈల వేయగానే గాలములు నీటిలో పడును. పోటు వచ్చి తగ్గువరకు ఒడ్డుననే ఉండి, పట్టిన చేపలను లెక్కించి, గెలిచినవారికి ఒక చిన్న కప్పు ఇచ్చి, టీ త్రాగి ఇండ్లకు పోవుదురు. ఈ మాదిరి పోటీ నొకదానిని తుంగభద్ర జలాశయపు ఒడ్డున పెట్టవలెనని మా ప్రాంతపు యువకులు కొందరు ఉత్సాహపడుచున్నారు.

దోణిమలైకి సముద్రము బహుదూరము. కన్నడమున దోణి అనగా పడవయే అయినను, మా ఊరిలో ఉన్నవి ఇనుపరాతి కొండలు, ఎర్రదుమ్ము. అయితే హోసపేట దగ్గర జలాశయము నిండినప్పుడు గట్టుపై నిలిచి చూచినవారికి అదియే ఒక సముద్రము. గాలికి అలలు కూడ లేచును. కనుక సముద్రపు ఆట ఇక్కడకు వచ్చుటలో వింత లేదు. పేకాటకంటె, సెల్‌ఫోను పందెములకంటె ఇది నూరుపాళ్ళు మేలు. పోటీ వద్దని నేననను. ఏ షరతుల మీద అన్నది మాత్రము ముందే తేల్చుకొనవలెను. అందులో మొదటిది, "అన్నింటికంటె బరువైన చేపకు బహుమతి" అను నియమమును ఆదిలోనే కొట్టివేయుట.

దీనికి కారణము చేప కడుపులోనే ఉన్నది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను మన పెద్ద జాతి చేపలు నిలువనీటిలో గుడ్లు పెట్టవు. వానకాలమున క్రొత్తనీరు రాగానే వరదకు ఎదురేగి, ప్రవహించు నీటిలో గుడ్లు పెట్టును. ఎదిగిన ఒక్క ఆడచేప కడుపులో గుడ్లు లక్షలలో ఉండును. చేప ఎంత పెద్దదైన గుడ్లు అంత ఎక్కువ. పుట్టిన పిల్లలలో పెరిగి పెద్దవగునవి మాత్రము బహుకొద్ది. బరువుకు బహుమతి పెట్టితిమా, పోటీదారు వెదకునది సరిగా ఆ తల్లినే. ఒక ఏడు కరువు వచ్చినను విత్తనపు గింజలకు చేయి పెట్టని రైతులు మన ఇరుగుపొరుగున ఉన్నారు. మనము కప్పు కొరకు విత్తనపు బుట్టనే త్రాసులో పెట్టి తూచుట ఏమి న్యాయము?

బరువు మోజు ఎంత పాతదో మన కర్ణాటకలోనే నిదర్శనము కలదు. 1946లో కబిని నదిలో మైసూరు వాన్ ఇంజెన్ గారు గాలముతో పట్టిన మహాసీర్ చేప 120 పౌండ్లు తూగినది. ఆ సంగతి ప్రపంచమంతట గాలపురాయుళ్ళు నేటికిని చెప్పుకొందురు. అదే కావేరీ పరీవాహకపు మూపురపు మహాసీర్‌ను 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు అంతరించిపోవు ప్రమాదము అత్యధికముగా గల జాతుల పట్టికలో చేర్చిరి. దానికి గాలమే కారణమని చెప్పుట న్యాయము కాదు. నదికి అడ్డుగా కట్టిన ఆనకట్టలు, నీటిలో ప్రేల్చిన మందుగుండు, వేరొక చోటి మహాసీర్ పిల్లలను తెచ్చి వదలుట, ఇన్నియు కలిసినవి. పైగా పట్టిన చేపను తిరిగి వదలు నియమమును అక్కడ పాటించి, కాపలాదార్లను పెట్టి ఆ చేపను కొంతకాలము కాచినవారిలో గాలమువారును ఉన్నారు. నేను చెప్పునది ఒక్కటే. నూటయిరువది పౌండ్ల రికార్డు కాగితము మీద మిగులుట సులభము, చేప నదిలో మిగులుట కష్టము.

త్రాసు లేకున్న గెలుపోటములు తేలుట ఎట్లని అడుగుదురు. కొలబద్ద చాలును. చాల దేశములలో తీరపు పోటీలు ఇప్పుడు ఇట్లే జరుగుచున్నవి. తడిపిన పలకపై చేపను పండుకొనబెట్టి, మూతి మొదలు తోక చివరవరకు కొలిచి, ఫొటో తీసి, వెంటనే నీటిలో వదలుదురు. పొడవును బట్టి మార్కులు వేయు పట్టిక ముందే వ్రాసి ఉండును. నిర్ణీతమైన కొలతకు తక్కువైన చేపకు మార్కులే లేవు. 1939లో స్థాపితమై బరువు రికార్డులకు పేరుపడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషనువారే 2011లో ప్రాణముతో వదలిన చేపల పొడవు రికార్డులను కూడ మొదలుపెట్టిరి. జీవితమంతయు సర్కారు రిజిస్టర్లు వ్రాసినవాడను గనుక చెప్పుచున్నాను. వరుస సంఖ్య, పట్టినవారి పేరు, చేప జాతి, పొడవు, వేళ, వదలినట్లు సాక్షి సంతకము అని ఆరు గడులు గీసిన ఒక నోటుబుక్కు ఉన్న పోటీ మొత్తము నిర్వహించవచ్చును. పది సంవత్సరములు అట్లు వ్రాసిన పుస్తకము మత్స్యశాఖకు కూడ పనికివచ్చును. ఏ జాతి తగ్గినది, ఏది పెరిగినది అందులో కనబడును.

దీనిపై ఒక ఆక్షేపణ ఉన్నది, అది త్రోసిపుచ్చదగినది కాదు. "తినుటకు పట్టినవాడు నయము. ఆటకు నోటిలో ముల్లు గ్రుచ్చి, కొలిచి, మరల వదలుట ఏమి దయ?" అని పెద్దలు అందురు. నిజమే. వదలిన చేపలన్నియు బ్రతుకునని హామీ లేదు. గాలము లోతుగా మ్రింగినది, వడగాలిలో ఒడ్డున కొట్టుకొన్నది, పొడిచేతులతో పట్టగా ఒంటి జిగురు ఊడినది తరువాత చచ్చును. కావున వదలుట అను మాటతో పుణ్యము వచ్చినట్లు కాదు. ఎదురుముల్లు లేని గాలము వాడవలెను, చేయి తడుపుకొనవలెను, చేపను అరనిమిషములో నీటికి చేర్చవలెను. బ్రతకదని తోచిన చేపను ఇంటికి కొనిపోయి వండుకొనవలెను. అసలు ఒక్కొక్కరు ఇంటికి ఒక మధ్యరకపు చేపను కొనిపోవుటలో తప్పు లేదని నా అభిప్రాయము. పులుసు కొరకు గాలము వేయుట మన దేశమున సిగ్గుపడవలసిన పని కాదు. సంచి నిండువరకు పట్టి, ఫొటో తీసుకొని, సగము కుళ్ళబెట్టుటయే సిగ్గు. మన చెరువులలో చేరిన జిలేబీ చేపకు మాత్రము ఈ మర్యాద అక్కరలేదు. 1952లో పరదేశమునుండి మన దేశమునకు తెచ్చిన ఈ జాతి ఎక్కడ పడిన అక్కడ అల్లుకొనిపోవును. దానిని ఎన్ని పట్టినవారికి అన్ని మార్కులు వేసి, ఇంటికే పంపవచ్చును.

తరువాతి మాట బెస్తవారిని గూర్చి. జలాశయములో పుట్టి వేసుకొని, రాత్రి వల వేసి, తెల్లవారి తీసి బ్రతుకు కుటుంబములు ఉన్నవి. ఆ నీరు మనకు ఆదివారపు వినోదము, వారికి నెల జీతము. వారి వలలకు మన గాలములు తగులుకొని తెగిన నష్టము ఎవరిది? "స్నేహపూర్వకము" అన్న మాట పోటీదారుల మధ్యకే గాక వారివరకు కూడ పోవలెను. పోటీ తేదీని వారితో మాట్లాడి పెట్టవలెను. ప్రవేశ రుసుములో ఒక భాగమును వారి సంఘమునకు చెల్లించవలెను. కొలతలు వేయుటకు వారినే పిలువవలెను. చేపను చూచి జాతి చెప్పుటలో వారిని మించినవారు లేరు.

సముద్రతీరమున ఈ సంగతి ఇంకను స్పష్టము. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మర పడవల వేట నిషేధము. 2015కు ముందు ఇది 47 దినములే. చేపలు గుడ్లు పెట్టు కాలమని విశాఖపట్నము, కాకినాడ రేవులలో మర పడవలు కట్టివేసి వేలమంది పనిలేక కూర్చుందురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారికిచ్చు భృతిని 2019లో పదివేల రూపాయలు చేసినది, 2025లో ఇరువదివేలకు పెంచినది. రెండు నెలలకు ఒక సంసారమునకు అది ఎంతమాత్రము సరిపోవునో గృహస్థులకు చెప్పనక్కరలేదు. అట్టి దినములలో కట్టివేసిన పడవల ప్రక్కనే వినోదమునకు గాలపు పోటీ పెట్టిన, చట్టము ఒప్పినను మర్యాద ఒప్పదు. పేదవాని కడుపు కట్టి కాచిన చేపను ఉన్నవాడు ఆటకు పట్టరాదు. ఇదే న్యాయము మా జలాశయమునకును వర్తించును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు పోటీ మాట ఎత్తరాదు. మే నెలలో నీరు మడుగులుగా ఇంకి చేపలు ఇరుకున పడినప్పుడును ఎత్తరాదు. అప్పుడు పట్టుట నేర్పు కాదు, దోపిడి. పుష్యమాసపు చలిలో, నీరు నిదానముగా ఉన్నప్పుడు పెట్టుకొనవలెను. అప్పుడు పట్టినవాడే పనివాడు.

ఆనకట్టకు దిగువన మరి రెండు జాగ్రత్తలు. ముద్లాపురము మొదలు కంప్లివరకు 34 కిలోమీటర్ల నదిని 2015లో కర్ణాటక ప్రభుత్వము నీటికుక్కల రక్షిత ప్రాంతముగా ప్రకటించినది. అక్కడ పోటీ ఊసే కూడదు. ఎగువన కూడ తెగిన నైలాను దారమును ఒడ్డున వదలిన, అది పక్షి కాలికి, తాబేలు మెడకు చుట్టుకొని ఉరియగును. తెచ్చిన దారము ఎన్ని గజములో, తిరిగి చూపినది ఎన్ని గజములో అడుగవలెను. చూపలేనివారికి మార్కులు తగ్గించవలెను. ఇక నాటుబాంబుల మాట. నీటిలో మందుగుండు ప్రేల్చుటను, విషము కలుపుటను 1897 నాటి మత్స్య చట్టమే నేరముగా చెప్పినది. నూరేండ్లు దాటినను ఆ పాడు అలవాటు మన నదులను పూర్తిగా విడువలేదు. గాలమువారు నెలకొకసారి ఒడ్డున తిరుగుచుండిన అట్టి దొంగచప్పుడు వినుటకు నాలుగు చెవులు ఎక్కువగును. క్లబ్బు వలన నదికి కలుగు పెద్ద మేలు నా దృష్టిలో ఇదే.

రెండవది మనుష్య ప్రాణము. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకు గల 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయినది. బరువు తగ్గించుటకు మిగిలిన గేట్లను కూడ ఎత్తవలసి వచ్చి, దిగువన నదీతీర గ్రామములను హెచ్చరించిరి. పగలు మోకాలిలోతున్న బండరాళ్ళ నడుమ రాత్రికి ఏ నీరు వచ్చునో ఎవరు చెప్పగలరు? కావున దిగువ రాళ్ళపై పోటీ ఎన్నడును పెట్టరాదు. నేటి గాలపు కర్రలు వెదురువి కావు, కార్బనువి. వాటిలో విద్యుత్తు ప్రవహించును. తీగల క్రింద కర్ర ఎత్తి విసరిన ప్రాణములు పోయిన సంగతులు పరదేశములలో అనేకము. ఈత రానివారికి గాలితొడుగు, పిల్లలకు తోడు పెద్దలు తప్పనిసరి.

ఇది కర్ణాటకలోని గట్టు విషయమే కదా, తెలుగు పత్రికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. 1953లో పూర్తియైన ఈ ఆనకట్ట నీటిలో తెలుగునాటికి వాటా ఉన్నది. ఎగువ కాలువ అనంతపురము వైపు, దిగువ కాలువ కర్నూలు వైపు పోవుచున్నవి. ఇక్కడి చేపపిల్ల తూములో పడి పోయిన పెన్నహోబిలము జలాశయములో తేలవచ్చును. కట్టిన కాలమున 133 టి.ఎం.సీ.లు పట్టిన జలాశయము పూడికవలన ఇప్పుడు సుమారు 105కు దిగినది. నీటి వాటాకై రాష్ట్రములు లెక్కలు కట్టుచునే ఉన్నవి. ఆ నీటిలోని ప్రాణమునకు కూడ లెక్క ఉండవలెను.

తుంగభద్ర బోర్డువారు, మత్స్యశాఖవారు ఈ పోటీలకు అనుమతి అడిగినప్పుడు వట్టి రుసుము కట్టించుకొని రసీదు ఇచ్చి ఊరకుండక, పైన చెప్పిన షరతులను అనుమతి పత్రముననే వ్రాయవలెనని కోరుచున్నాను. యువకులు అనుమతి లేకుండ మొదలుపెట్టరాదు. కప్పు కొనుటకు ముందు ఒక మంచి కొలబద్ద, ఒక నోటుబుక్కు కొనవలెను. ఆ రెండింటికి అయ్యెడి ఖర్చు ఒక కిలో బొచ్చె ధరకంటె ఎక్కువ కాదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
దోణిమలై, బళ్ళారి జిల్లా