విషపు నేలల సభకు మనమేమి పట్టుకొని పోవలె?

ప్రభుత్వం వారు సభ జరుపుతున్నారన్న మాట వినగానే మన పేటలలో వచ్చే జవాబు ఒకటే: "చాయ్ తాగి, ఉపన్యాసాలు విని రావడమే గదా!" ఈ మాటలో నిజం లేకపోలేదు. తీర్మానాలు చదువుతారు, చప్పట్లు కొడతారు, మరునాడు ఎవరి సాంచె వద్దకు వారు పోతారు. అయినను, పరిశ్రమల వలన చెడిన నేలలను శుద్ధి చేసి తిరిగి వాడుకలోకి తెచ్చే విషయమై ప్రభుత్వాలు జరిపే సభలను మాత్రం మనం తోసిపుచ్చరాదని మా అభిప్రాయం. ఎందుకనగా అక్కడ మాట్లాడేది మన కాళ్ళ కింది నేలను గురించి.

సోలాపూరులో నూలు మిల్లు 1877లో వెలసింది. దాని వెంట మరికొన్ని మిల్లులు వచ్చినవి. తెలుగు దేశం నుండి మన పెద్దలు మూటముల్లె కట్టుకొని వచ్చి, కొందరు మిల్లులలో చేరిరి, కొందరు ఇండ్లలోనే మగ్గాలు వేసిరి. ఆ పెద్ద మిల్లులు మూతపడ్డవి. మగ్గం పోయి సాంచె వచ్చింది. చద్దర్లు, టవళ్ళు మన ఊరి పేరును దూర దేశాలకు మోసినవి. కాని చద్దరుకు రంగు కావలె గదా! నూలు చిలపలను ముంచి తీసిన రంగు నీరు ఎటు పోయింది? కాలువ ఉన్నచోట కాలువలోకి, లేనిచోట నేలలోకి.

ఆ నీటిలో ఏమున్నదో అద్దకం పని చేసిన వారికి చెప్పనవసరం లేదు. కాస్టిక్ సోడా, ఉప్పు, హైడ్రోసల్ఫైటు, కొన్ని రంగులను నిలబెట్టుటకు బైక్రోమేటు. క్యాన్సరుకు కారణమయ్యే పదార్థాలు పుట్టించగలవని 1997లో కేంద్ర ప్రభుత్వం 70 అజో రంగులను నిషేధించింది. అంతకు ముందు వాటిని వాడినవారికి ఆ సంగతి చెప్పినవారు లేరు. రంగు కంటికి కనబడకుండా పోవచ్చును గాని, బైక్రోమేటులోని క్రోమియం వంటి లోహం మట్టిని పట్టుకొని ఏండ్ల తరబడి ఉండగలదు, బోరు నీటిలోకి దిగగలదు.

ఇప్పుడు పాత కార్ఖానాల జాగాలు చేతులు మారుతున్నవి. తొట్లు పూడ్చి, పైన మట్టి పోసి, ప్లాట్లు వేస్తే కొనేది ఎవరు? సాంచె మీద కూలి చేసి, ఇంట్లో ఆడవారు బీడీలు చుట్టి, రూపాయి రూపాయి కూడబెట్టిన కుటుంబమే. ఆ ఇంటి పిల్లలు ఆడుకునేది ఆ మట్టిలోనే. ఏ నేల మంచిదో, ఏది చెడ్డదో పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. చూచుటకు నల్లరేగడి అంతా ఒక్క తీరుగానే ఉంటుంది.

ఇటువంటి చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికాలో ఉక్కు పరిశ్రమ దెబ్బతిన్న పిట్స్‌బర్గ్ నగరంలో 1996లో, ఆ దేశపు పర్యావరణ సంస్థ అండతో, ఇట్టి నేలలను గురించి పెద్ద సభ జరిగింది. ఆ పరంపర నేటికీ సాగుతున్నది. నగర పాలకులు, నేల కొనేవారు, ఇంజనీర్లు, బస్తీల వారు ఒక్కచోట కూర్చుంటారు. 2002లో ఆ దేశంలో వచ్చిన చట్టం పేరులోనే చిన్న వ్యాపారులకు ఊరట అన్న మాట ఉన్నది. తెలియక కొన్నవారిని, కొద్దిపాటి వ్యర్థం వేసినవారిని పెద్ద దోషులతో ఒక్క తాట కట్టరాదని ఆ చట్టం గుర్తించింది. ఈ సంగతి మన చిన్న అద్దకం దారులు ముఖ్యంగా గమనించవలెను.

మన దేశంలోనూ కలుషిత స్థలాల నిర్వహణకు 2025 జూలైలో కేంద్రం నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వవలెను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజులలో ప్రాథమిక పరిశీలన, మరి 90 రోజులలో వివరమైన పరీక్ష జరుపవలెను. పిమ్మట బాధ్యులెవరో తేల్చి ఖర్చు వారి వద్ద రాబట్టవలెను. వారు దొరకకున్నా, ఇచ్చుకోలేకున్నా ప్రభుత్వాలు భరించవలెను. కాగితం బాగానే ఉన్నది. కాని ఆ నియమాలు వచ్చేనాటికి దేశంలో గుర్తించిన 103 స్థలాలలో పని మొదలైనవి ఏడే. ఇంత మందగతిలో నడిచే బండిని కదిలించుటకు నలుగురు చేరి అడుగుట తప్ప వేరు ఉపాయం లేదు.

"మన లోపాలు మనమే చెప్పుకుంటే జరిమానా మన తలకే చుట్టుకోదా?" అని కొందరు పెద్దలు అంటారు. ఈ భయం న్యాయమైనదే. కిలోకింత అని కూలికి రంగు అద్దిన మనిషి, తండ్రి నుండి జాగా సంక్రమించిన కొడుకు, ఈ ఇద్దరూ "బాధ్యుడు" అన్న మాటలోకి వస్తారా, రారా? ఇది సభలోనే తేల్చుకోవలసిన ప్రశ్న. మనం ఇంట్లో కూర్చుంటే ఆ మాటకు అర్థం ఇతరులు చెబుతారు. ముంబై మిల్లుల నేలల కథ గుర్తు చేసుకొండి. 1991 నియమం మిల్లు నేలలో మూడింట ఒక వంతు ఊరి మైదానాలకు, ఒక వంతు ప్రజల ఇండ్లకు కేటాయించింది. 2001 సవరణ ఆ లెక్కను ఖాళీగా ఉన్న నేలకే పరిమితం చేసింది. 2006లో సుప్రీంకోర్టు దానినే ఖాయపరచింది. ఒక్క మాట మారితే ప్రజల వాటా అంత కరిగిపోయింది!

కావున సభకు పోవలె, ఉత్త చేతులతో పోరాదు. మన వద్ద ఒక సొత్తు ఉన్నది. అది ఏ ఇంజనీరు వద్దా లేదు. ఏ సందులో ఏ అద్దకం భట్టీ ఉండేది, మురుగు ఎటు పారేది, ఏ బావి నీరు ఏ ఏట చెడింది? ఇవి మన వృద్ధులకు తెలిసినంత మరెవరికీ తెలియవు. వారు పోతే ఆ లెక్క కూడ పోతుంది. ప్రతి పేటలో ఇద్దరు చదువుకున్న పిల్లలు పెద్దల పక్కన కూర్చొని ఒక పటం గీయవలెను. దానిలో జాగాలు ఉంటే చాలు, ఎవరి పేర్లూ వద్దు.

ఆ పటం చేతబట్టుకొని మన సంఘం నాలుగు సంగతులు అడుగవలెను. సభ సోలాపూరులోనే, తెలుగు మరాఠీలలో జరుగవలెను. మట్టి, బోరు నీటి పరీక్షల అంకెలు అందరి ముందు చదువవలెను. కూలికి అద్దినవారిని, వారసత్వంగా జాగా పొందినవారిని పెద్ద దోషులతో కలుపరాదు. వచ్చే ఏటి సభ మొదలుపెట్టే ముందు పోయిన ఏటి తీర్మానాలలో ఏవి జరిగినవో, ఏవి జరుగలేదో చదివి వినిపించవలెను. ఈ కడపటిది ఒక్కటి సాధించినా, సభ అనగా చాయ్ తాగి రావడమే అన్న మాట మన పేటలలో కొంత తగ్గుతుంది.

పటం పని వర్షాలకు ముందే మొదలుపెట్టవలెనని సంఘ సభ్యులకు మా విజ్ఞప్తి. నీరు నిలిచినప్పుడు పాత కాలువల జాడ పెద్దలకు ఇట్టే గుర్తుకు వస్తుంది.